పోతన2000

కంప్యూటర్లో తెలుగు చదవడానికి, రాయడానికి పనికొచ్చిన తొలితరం యూనికోడ్ ఫాంటుల్లో పోతన2000 ఒకటి. రూపకర్త తిరుమల కృష్ణ దేశికాచార్యులు. దీనికి జోడుగా వేమన2000ను కూడా ఆయనే తీర్చిదిద్దారు. పేరు మాత్రం భాగవతాన్ని తెనిగించిన బమ్మెర పోతనది.

ఈ ఫాంటు విలువ తెలియాలంటే దానికి ముందు రోజుల్ని తలచుకోవాలి. అప్పట్లో వరంగల్, హనుమకొండ డీటీపీ సెంటర్లకైనా, పెద్ద పత్రికాఫీసులకైనా అను, శ్రీలిపి వంటి ప్యాకేజీలే ఆధారం. వాటిలో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తలకట్లు, గుడులు, వత్తులు ముక్కలు ముక్కలుగా పేర్చేవారు. పెళ్లిపత్రిక కాగితం మీద ముచ్చటగానే వచ్చేది. అదే ఫైలును ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుంపు కనబడేది. అందులో ఒక తెలుగు మాటను వెతకడం కుదిరేది కాదు. యంత్రం లెక్కలో అది తెలుగే కాదు మరి.

ఈ చిక్కుకు విరుగుడు యూనికోడ్. 1991లో వెలువడిన దాని తొలి ప్రమాణంలోనే తెలుగుకు చోటు దక్కింది. ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకూ సొంత సంఖ్య వచ్చింది. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరం యంత్రంలో ఆరు సంకేతాల వరుస: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. వాటిని కలిపి, తావత్తునూ రావత్తునూ ఎక్కడ దించాలో చెప్పే నియమాలు ఫాంటులోనే ఉండాలి. తెలుగు ఫాంటు తయారీలో కష్టమంతా ఇక్కడే ఉంది. బొమ్మలు గీస్తే సరిపోదు, వ్యాకరణం లాంటిదొకటి రాయాలి.

2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు మైక్రోసాఫ్ట్ గౌతమి ఫాంటు వచ్చింది. పోతన2000 మాత్రం ఉచితంగా, స్వేచ్ఛా లైసెన్సుతో దొరకడం వల్ల లినక్స్ పంపిణీల్లోకీ చేరింది. పోతన తన భాగవతాన్ని రాజులకు అంకితమివ్వలేదని ఐతిహ్యం; ఆయన పేరు పెట్టుకున్న అక్షరాలకూ ఎవరూ వెల చెల్లించనక్కరలేకపోవడం ఎంతో తగిన సంగతి.

యూనికోడ్ తెలుగు ఇంటర్నెట్‌లోకీ చేరింది. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున చొరవతో తెలుగు వికీపీడియా మొదలైంది. పాత ఫాంటుల రాతను యూనికోడ్‌లోకి మార్చే ‘పద్మ’ కూడా ఆయన పనే. దాని ఆధారంగా వీవెన్ రూపొందించిన ‘లేఖిని’తో, తెలుగు టైపింగ్ నేర్వనివారు సైతం ఇంగ్లీషు కీబోర్డు మీదే తెలుగు రాయగలిగారు. 2010లలో సిలికానాంధ్ర సంస్థ ద్వారా ధూర్జటి, గురజాడ, తెనాలి రామకృష్ణ ఫాంటులు కూడా ఉచితంగా అందాయి.

అచ్చు రంగంలో అను వాడకం ఇంకా పోలేదు. అలా కూర్చిన పుస్తకాల పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చి, తప్పులు దిద్దితే తప్ప వాటిలోని మాటలు వెతుకులాటకు అందవు.