మజిలీ

ప్రయాణంలో ఆగి సేదదీరే చోటు మజిలీ. అరబ్బీ ‘మంజిల్’ పారశీక, ఉర్దూల మీదుగా తెలుగులో ఇలా మారింది. దాని ధాతువుకు దిగడమని అర్థం. బాటసారి వాహనం దిగి బస చేసే చోటన్నమాట. హిందీ, ఉర్దూల్లో అదే మాట గమ్యానికీ, మేడలో అంతస్తుకూ పేరైంది. తెలుగు మాత్రం దాన్ని దారి మధ్యనే ఉంచింది, అదే మూలానికి దగ్గర. కాశీ ప్రయాణానికి నెలలు పట్టే కాలంలో ఈ మాటకు పని ఎక్కువ. ఏనుగుల వీరాస్వామి 1830-31లో మద్రాసు నుంచి పల్లకీలో చేసిన కాశీయాత్ర అలా ఊరూరా ఆగుతూ సాగినదే. మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథలు’లో మణిసిద్ధుడనే యతి తన వెంట వచ్చే గోపాలుడికి మజిలీకో కథ చెబుతాడు. రైళ్లొచ్చాక మజిలీలు తగ్గాయి. మాట మిగిలింది: జీవితంలోని దశ కూడా మజిలీయే, చావు చివరి మజిలీ.