దశబంధము

జలరక్షణము చేయువానికిఁ బ్రతిఫల మిచ్చు నాచారము మన దేశమునకుఁ గ్రొత్తది గాదు. ఆంధ్రదేశశాసనములందును, ఇనాములెక్కలందును ‘దశబంధము’ అను మాట కానవచ్చుచున్నది. చెఱువు కట్టించినవానికిఁ గాని, చెడినదానిని బాగు చేయించినవానికిఁ గాని, దాని క్రింది భూమిలోఁ గొంత భాగ మిచ్చి, కట్టను తూమును గాపాడు భారము నతనిపై నుంచుటయే దశబంధము. దశశబ్దముచేఁ బదవవంతని సామాన్యార్థము. వ్యవహారమున భాగ మన్నిచోట్ల నొకటిగా లేదు. ‘దశవంద’మను రూపమును గలదు, బకారము వకారమగుట మనకు వింత గాదు. విచారింపవలసినది బంధశబ్దము. ఇది దానము గాదు, కట్టుబాటు. అగ్రహారమునకును దీనికిని గల భేద మిదియే.

కడపసీమయందలి పోరుమామిళ్ల చెఱువును బుక్కరాయల కుమారుఁడగు భాస్కరభవదూరుఁడు కట్టించెను. క్రీ. శ. 1369 నాఁటి సంస్కృతశాసన మందుఁ గలదు. వేయిమంది పనివాండ్రును, నూఱు బండ్లును, రెండేండ్ల కాలమును బట్టినవఁట. తటాకమునకు వలయు సాధనములు పండ్రెండును, దోషము లాఱును శాసనకర్త గణించెను. చవుడునేల దోషమనుట యెవరికైనఁ దెలియును. రెండు రాజ్యముల యెల్లలయందుండుట దోషమనుట మాత్రము రాజనీతి యెఱిఁగినవాని మాట. నీరు వచ్చు నేల యొకరిది, త్రాగువారు వేఱొకరు అయినచోఁ గలహము తప్పదు.

దశబంధమున లోప మచ్చటనే యున్నది. ఫలము కట్ట కాచినవానిది. ఎగువ నడవిని, బీడును దున్నక విడిచినవానికి భాగ మేమియు లేదు.

1908 నాఁటి మూసీవఱద పిదప హైదరాబాదునకై ఉస్మాన్‌సాగరము 1920 లోను, హిమాయత్‌సాగరము 1927 లోను నిర్మింపఁబడెను. వీని రక్షణమునకై 1996 మార్చి 8 నాఁటి 111 సంఖ్య యుత్తరువు, చుట్టును 10 కిలోమీటర్ల మేర 84 గ్రామములందుఁ గాలుష్యకారక పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాసకాలనీలను నిషేధించెను. ఎగువ నేలను బట్టించుకొన్నందున నిది దశబంధముకంటె నొకమెట్టు పైది. అయిన నా యుత్తరువు రైతునకుఁ బ్రతిఫల మేర్పఱుపలేదు. బంధము మిగిలెను, దశమాంశము పోయెను. నగరము త్రాగిన నీటికి గ్రామీణుఁడు వెల చెల్లించినట్లయ్యెను. నిర్బంధములను దొలఁగింపుఁడని గ్రామస్థు లేండ్లతరబడి కోరుటలో నాశ్చర్య మేమి? 2022 ఏప్రిలులో 69 సంఖ్య యుత్తరువుచే నవి సడలెను.

న్యూయార్కు నగరము 1997 లో వేఱుమార్గము పట్టినది. కాట్స్‌కిల్ కొండల నీటిని వడపోయుటకు మహాయంత్రాగారము కట్టుటకంటె, ఎగువనున్న రైతులకు, అడవుల యజమానులకు ధన మిచ్చి నేలను గాపాడించుట చౌక యని తేల్చుకొని యొడంబడిక చేసికొనెను. పేరు తెలియకున్నను వారు చేసినది దశబంధమే; భాగము నీటిదిగువనుండి యెగువకు మాఱినది.

కర్దనూరున్న పటాన్‌చెరు ప్రాంతపుఁ గథ తాఱుమాఱైనది. పేరులోనే చెఱువు వినవచ్చు నీ సీమలోఁ బరిశ్రమల మురికి నక్కవాగునఁ గలియఁగా, 1990 లో వ్యాజ్యము సుప్రీముకోర్టు చేరెను. రైతులకుఁ బరిహార మిప్పింపఁబడెను. అది పొలము చెడినందులకు. ఆ వాగు పాఱునది మంజీరలోనికి. 1965 నుండి హైదరాబాదువారు త్రాగు నీటిలో నా మంజీరనీరును గలదు.