‘బైహార్ట్’ ఎక్కణ్ణుంచి వచ్చింది?

పరీక్షల రోజుల్లో చోడవరం, మాడుగుల వైపు పదో తరగతి పిల్లల్ని కదిపితే వినిపించే మాట ఇది: ‘‘సోషల్ బైహార్ట్ చేసీసేను, సైన్సే ఉండిపోయింది.’’ తెలుగులో ‘చెయ్యి’ తగిలిస్తే ఏ పరాయి మాటైనా క్రియ అయిపోతుంది. ఫోన్ చెయ్యి, ట్రై చెయ్యి, బైహార్ట్ చెయ్యి. ఇంగ్లీషులో మాత్రం ‘బై హార్ట్’ రెండు మాటల క్రియావిశేషణం. ‘లెర్న్’, ‘నో’ లాంటి క్రియ పక్కన చేరి, పుస్తకం చూడకుండా అప్పజెప్పగలిగేటంతగా అనే అర్థం ఇస్తుంది. ‘లెర్న్ ద పోయెమ్ బై హార్ట్’ అనాలి. మన క్లాసుల్లో వినబడే ‘బైహార్ట్ ద పోయెమ్’ ఇక్కడి ఇంగ్లీషు వాడుక.

ఇంతకీ గుండెకీ జ్ఞాపకానికీ ఏమిటి చుట్టరికం?

ఆలోచనకు, అనుభూతికి గుండే స్థానమని క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలో అరిస్టాటిల్ నమ్మాడు. క్రీస్తుశకం రెండో శతాబ్దంలో గేలన్ అనే వైద్యుడు అదంతా మెదడు పని అని వాదించినా, భాషలు పాత నమ్మకాన్ని వదల్లేదు. మన చరక సంహితలోనూ మనసుకు నెలవు హృదయమే. లాటిన్‌లో గుండె ‘కోర్’. గుర్తుచేసుకోవడాన్ని చెప్పే ‘రెకార్డారి’ అందులోంచి పుట్టింది. తహసీల్దారు ఆఫీసులో మనం అడిగే ‘రికార్డు’ కూడా ఆ వంశందే. ఫ్రెంచివారు ‘పార్ కర్’ అంటారు, గుండెతో అనే అర్థంలోనే. ఇంగ్లీషులో 14వ శతాబ్దం చివర చాసర్ రాసిన ‘ట్రాయిలస్ అండ్ క్రిసైడ్’ కావ్యంలోనే ఈ పలుకుబడి ఉంది. అందులో కసాండ్రా అనే పాత్ర జోస్యాలన్నీ ‘బై హార్ట్’ చెబుతుంది.

తెలుగువాడి జ్ఞాపకం గుండెలో కంటే నోట్లోనే ఎక్కువ ఉంటుంది. ‘ఎక్కాలు నోటికొచ్చా?’ అని అడుగుతాం. పద్యం కంఠతా వచ్చంటాం. పురాణాలు పుక్కిట పట్టాడంటాం. శాస్త్రం వాచోవిధేయం అంటాం. చదువంటే గట్టిగా పలకడమే అయిన కాలం నాటి మాటలివి. వేదాన్ని పద, క్రమ, జట, ఘన పాఠాలుగా ముందుకీ వెనక్కీ తిప్పి వల్లెవేయించారు, ఒక్క అక్షరం పొల్లుపోకూడదని. వీధిబడిలో పిల్లలు ఇసుకలో వేలితో దిద్దుతూ, దిద్దిన అక్షరాన్ని పైకి అనేవారు. అమరం, శతకాలు, ఎక్కాలు అలా నోటికి ఎక్కినవే.

ఆ పద్ధతిలోని లోపాన్ని అప్పుడే పట్టుకున్నవాళ్లున్నారు. తెలుగు వ్యాకరణం, నిఘంటువు రాసిన ఎ.డి. క్యాంబెల్ బళ్లారి కలెక్టరుగా 1823లో బడుల మీద నివేదిక పంపాడు. పిల్లలు ఎన్నో పద్యాలు తు.చ. తప్పకుండా చెబుతారనీ, వాటి అర్థం మాత్రం చిలుకకు తెలిసినంతే తెలుసనీ అందులో రాశాడు. పద్యాల భాషకీ ఇంట్లో మాట్లాడే భాషకీ ఉన్న దూరాన్ని కారణంగా చూపాడు. ఆ మాటలో పస ఉంది.

ఇంగ్లీషు చదువు వచ్చాకా రోగం కుదరలేదు. అందుకు గురజాడకు మించిన సాక్షి లేడు. చోడవరంలాగే 2022లో విశాఖ జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చిన ఎస్.రాయవరంలో 1862లో పుట్టినవాడాయన. ఆయన నాటకం ‘కన్యాశుల్కం’ 1892లో తొలిసారి ప్రదర్శితమైంది. ఇప్పుడు మనం చదివే 1909 నాటి రూపంలో, గిరీశం, అతని శిష్యుడు వెంకటేశం కలిసి వెంకటేశం ఇంట్లోవాళ్ల ముందు ఇంగ్లీషు మాట్లాడే ఘట్టం చూడండి. ఒకరు పిల్లల పద్యం అందుకుంటే, మరొకరు వాచకంలో ముక్క ఒకటి వదులుతారు. రేఖాగణితం కూడా సంభాషణగా చెలామణీ అయిపోతుంది. ఇద్దరికీ పాఠం నోటికి వచ్చు, మాట్లాడుకోవడానికి మాత్రం ఏమీ లేదు.

ఇంగ్లీషువాళ్లు గుడ్డిబట్టీనీ, మనసుపెట్టి నేర్చుకోవడాన్నీ విడదీశారు. అర్థం పట్టించుకోని వల్లెవేతకు ‘బై రోట్’ అని వేరే మాట ఉంది. అందులో కాస్త చిన్నచూపు ఉంటుంది. ఇష్టమైన కవిత నోటికి రావడం ‘బై హార్ట్’. మన బడుల్లో ‘బైహార్ట్’ వచ్చి గుడ్డిబట్టీ చోట కూర్చుంది, దాంతో ధారణకే చెడ్డపేరు వచ్చింది. ఇది అన్యాయం. అష్టావధానం చివర్లో అవధాని పద్యాలన్నీ వరసగా ఒప్పజెప్పడం ధారణే. తానే కట్టిన పద్యాలు కనుక ప్రతి మాటా ఆయనకు అర్థమయ్యే ఉంటుంది.

కాబట్టి పిల్లల చేత పద్యాలు, ఎక్కాలు అప్పజెప్పించుకోవడం మానకండి. కాకపోతే అప్పజెప్పమనే ముందు, ఆ పాఠం సంగతేమిటో వాళ్ల సొంత మాటల్లో ఒకసారి చెప్పమనండి.