భూకంపాలు: కారణాలు, రకాలు, ప్రమాదాలు

దక్షిణ భారత ద్వీపకల్పం అతి ప్రాచీనమైన గట్టి శిలలపై నిలిచి ఉన్నందున ఇక్కడ భూకంపాల భయం లేదన్న నమ్మకం చాలాకాలం ప్రజలలో బలంగా ఉండేది. 1967 మార్చి 27న ఒంగోలు పరిసరాలలో 5.4, 1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతంలో 5.7 పరిమాణంతో సంభవించిన భూకంపాలు ఈ నమ్మకాన్ని సడలించాయి. 1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలోని లాతూరు జిల్లా కిల్లారి వద్ద వచ్చిన భూకంపంతో అది పూర్తిగా తొలగిపోయింది.

ఆదిశేషుడు తల కదిలించినప్పుడు భూమి కంపిస్తుందని మన పెద్దలు చెప్పుకొనేవారు. భూమి పైపొర కొన్ని పెద్ద ఫలకాలుగా విడివడి ఉన్నదనీ, అవి నిరంతరం కదులుతున్నాయనీ శాస్త్రజ్ఞులు నిర్ధారించారు. భారత ఫలకం ఏటా సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఉత్తరదిశగా జరుగుతూ ఆసియా ఫలకాన్ని ఒత్తుతున్నది. ఈ ఒత్తిడి హిమాలయాలతో ఆగక ద్వీపకల్పంలోని పాత పగుళ్లకు సైతం చేరుతున్నది. శిలలు ఓర్చుకోలేని స్థితిలో పగులు వెంబడి ఒక్కసారిగా జారినప్పుడు, కూడిన శక్తి తరంగాల రూపంలో వెలువడుతుంది. జారుడు మొదలైన చోటును నాభి అనీ, దానికి సరిగ్గా పైనున్న ఉపరితల స్థానాన్ని అధికేంద్రమనీ అంటారు.

ఫలకాల కదలికల వల్ల కలిగేవే భూకంపాలలో అత్యధికం. అగ్నిపర్వతాల వల్ల, గనులు కూలడం వల్ల వచ్చేవి సాధారణంగా పరిమిత ప్రాంతంలోనే ప్రభావం చూపుతాయి. పెద్ద జలాశయాలలో నీరు నిండినప్పుడు కలిగేవి మరొక రకం. మహారాష్ట్రలోని కోయనలో 1967 డిసెంబరు 11 తెల్లవారుజామున 6.3 పరిమాణంతో వచ్చిన భూకంపాన్ని ఇందుకు ప్రధాన ఉదాహరణగా పేర్కొంటారు.

పరిమాణం, తీవ్రత అనే పదాలను ఒకే అర్థంలో వాడడం పత్రికా ప్రకటనలలో పరిపాటి అయినది. పరిమాణం వెలువడిన శక్తికి కొలత. ఒక భూకంపానికి ఒకే అంకె. అది ఒక్కటి పెరిగితే శక్తి సుమారు 32 రెట్లు అవుతుంది. తీవ్రత ఆయా చోట్ల కలిగిన ప్రభావం. అది ఊరూరికీ మారుతుంది.

కిల్లారి భూకంప పరిమాణం 6.2 మాత్రమే. అయినా సుమారు 10 వేల మంది మరణించారు. గణేశ నిమజ్జనం ముగించుకొని జనం నిద్రిస్తున్న వేళ, నాలుగు గంటలకు కొద్ది నిమిషాల ముందు భూమి కంపించింది. మట్టితో పేర్చిన మందపాటి రాతిగోడలు, వాటిపై మోపిన బరువైన మట్టి మిద్దెలు నిద్రలో ఉన్నవారిపై కూలాయి. ప్రాణాలు తీసినది కంపనం కన్న ఇంటి కప్పే అనడం అతిశయోక్తి కాదు. 2001 జనవరి 26న గుజరాత్‌లోని భుజ్ ప్రాంతంలో వచ్చిన భూకంపానికి 200 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న అహ్మదాబాద్‌లోనూ బహుళ అంతస్తుల భవనాలు కూలాయి. కింది అంతస్తును వాహనాల కోసం గోడలు లేకుండా స్తంభాలపై వదిలిన భవనాలు వాటిలో అనేకం. మన పట్టణాలలోనూ ఈ పద్ధతి వాడుకలో ఉన్నందున ఇంజనీర్లు దీనిని గమనించవలసి ఉన్నది.

కొండచరియలు విరిగిపడడం, ఇసుకనేల నీటితో కలిసి బురదవలె మారడం, అగ్నిప్రమాదాలు ఇతర ముప్పులు. సముద్రగర్భ భూకంపం సునామీకి దారితీయవచ్చు. 2004 డిసెంబరు 26న సుమత్రా వద్ద వచ్చిన భూకంపం వల్ల ఆంధ్రప్రదేశ్ తీరంలోనూ వందమందికి పైగా మృతి చెందారు. అనంతరం 2007లో హైదరాబాదులోని ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం ఏర్పాటైనది.

2024 డిసెంబరు 4 ఉదయం ములుగు జిల్లాలో 5.3 పరిమాణంతో వచ్చిన భూకంపం హైదరాబాదు, విజయవాడల వరకు తెలిసింది. భూకంపం వచ్చే రోజును, గంటను ముందుగా చెప్పే విధానమేదీ ఇంతవరకు లేదు. కనుక అటువంటి వదంతులను నమ్మరాదు. ఇల్లు కట్టేటప్పుడే ద్వారబంధాల ఎత్తున గోడల చుట్టూ ఇనుపకడ్డీలతో కాంక్రీటు పట్టీ వేయించడం స్వల్ప వ్యయంతో కూడిన రక్షణ. కంపనం మొదలైనప్పుడు మెట్లవైపు పరుగెత్తక, లిఫ్టు వాడక, గట్టి బల్ల కింద తలదాచుకోవాలి. ఆగిన పిమ్మట గ్యాస్, విద్యుత్తు కట్టివేసి ఆరుబయటకు రావాలి. అనంతర కంపనాలు వచ్చే అవకాశం ఉన్నందున, పగుళ్లు పడిన ఇంటిలోకి ఇంజనీరు పరిశీలించే వరకు తిరిగి ప్రవేశించరాదు.