రామప్ప గుడి – శాసనంలో లేని పేరు

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని మన కార్యదర్శి గారు కోరారు. ఇటీవల చూసి వచ్చిన రామప్ప గుడి, గణపురం కోటగుళ్ల గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఉమ్మడి వరంగల్ జిల్లా 2016లో విడిపోయి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు ఏర్పడిన సంగతి మనకు తెలిసిందే. రామప్ప గుడి ఉన్న పాలంపేట మొదట భూపాలపల్లి జిల్లాలో చేరి, 2019లో ములుగు జిల్లాలోకి వెళ్లింది. జిల్లా ఏదైనా గుడి మనదే.

గుమాస్తాగా బతికినవాణ్ణి కనుక నా చూపు ముందు కాగితం మీదికే పోతుంది. ఇక్కడ కాగితం రాతి స్తంభం. గుడి ఆవరణలోని శాసనం శక సంవత్సరం 1135, అంటే క్రీ.శ. 1213 నాటిది. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు రుద్రేశ్వర స్వామిని ప్రతిష్ఠించి, గ్రామాలు దానమిచ్చినట్లు అందులో ఉంది. తేదీ, దాత, దానం అన్నీ సక్రమంగా నమోదయ్యాయి. రామప్ప పేరు మాత్రం లేదు.

రామప్ప ఈ గుడి చెక్కిన శిల్పి అని జనం చెప్పుకుంటారు. మన ఆఫీసుల్లో ఫైలు మీద సంతకం ఆఫీసరుది, రాత్రి దాకా కూర్చుని ఫైలు తయారు చేసింది గుమాస్తా. ఆ రోజుల్లోనూ అంతే కాబోలు. అయితే దాత పేరు రాతిలో ఉండిపోయింది, పనివాని పేరు జనం నోట నిలిచింది. నేటికీ ఊరూవాడా అనేది రామప్ప గుడి అనే, చెరువును సైతం రామప్ప చెరువనే. ఆ చెరువు కింద ఇప్పటికీ పొలాలు పండుతున్నాయి.

పనితనం చూడండి. పునాది గుంతలో ఇసుక నింపి దానిపై గుడి లేపారు. శిఖరానికి నీటిపై తేలేంత తేలికైన ఇటుకలు వాడారు. చూరు కింద నల్లరాతి మదనికలు 12 మంది అద్దంలా మెరుస్తారు. గణపతిదేవుని గజసేనాని జాయపసేనాని నృత్తరత్నావళి రాశాడు. ఆ గ్రంథాన్నీ ఈ శిల్పాలనూ ఆధారం చేసుకుని నటరాజ రామకృష్ణ గారు పేరిణి నాట్యాన్ని పునరుద్ధరించారు. 2021 జులై 25న యునెస్కో ఈ గుడిని ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించింది.

అక్కడికి దగ్గరలోనే భూపాలపల్లి జిల్లా గణపురంలో కోటగుళ్లున్నాయి. రాతి ప్రాకారం లోపల 22 గుళ్లు, నడుమ గణపేశ్వరాలయం. ఇవీ కాకతీయుల కాలంవే. చాలా గుళ్లు శిథిలమయ్యాయి. ఏనుగుపై లంఘించే గజకేసరి శిల్పాలు చూస్తే రామప్పకు ఏమీ తీసిపోవు. కానీ వాటిని చెక్కినవాని పేరు శాసనంలోనూ లేదు, జనం నోటా లేదు. నాకు బాధ కలిగించింది అదే.

రామప్పకు వెళ్లే మిత్రులు కోటగుళ్లు చూడకుండా తిరిగి రావద్దని మనవి. మనవళ్లను, మనవరాళ్లను వెంట తీసుకెళ్లండి. కట్టించిన వారి పేరుతో పాటు, కష్టపడిన వారిని గూర్చి కూడా రెండు మాటలు చెప్పండి.