సంఖ్యకు అర్థం ఎక్కడిది? అమెరికా పోలీసు రేడియో సంకేతాల అర్థపరిణామం

ప్రస్తావన

పదాల అర్థవ్యాకోచ, అర్థసంకోచాలను తెలుగు భాషాశాస్త్ర గ్రంథాలు సోదాహరణంగా వివరించాయి. పదం స్థానంలో సంఖ్యను నిలిపినప్పుడు కూడా ఈ పరిణామం జరుగుతుందా అన్నది అంతగా చర్చకు రాని విషయం. కాలంతో పాటు పదం మారినా సంఖ్య మారదన్న భావన లోకంలో ఉంది. అమెరికా పోలీసులు రేడియోలో వాడిన ‘టెన్‌ కోడ్ల’ చరిత్ర ఈ భావనను సమర్థించదు. ఆ చరిత్రను అర్థవిజ్ఞాన దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఆవిర్భావం

1928లో డెట్రాయిట్ పోలీసు శాఖ గస్తీ కార్లకు క్రమబద్ధంగా రేడియో ప్రసారాలు ప్రారంభించింది. అవి ఏకముఖ ప్రసారాలు. కారులోని అధికారి ఆదేశం వినగలడే గాని బదులు చెప్పలేడు. 1933లో న్యూజెర్సీ రాష్ట్రంలోని బయోన్ నగర పోలీసులు ఉభయముఖ సంభాషణను అమలులోకి తెచ్చారు. అందుబాటులో ఉన్న కొద్దిపాటి ఛానళ్లను అందరూ పంచుకోవలసి రావడంతో మాటను క్లుప్తపరచడం అవసరమైంది. ఈ అవసరం నుంచే 1937లో ఇల్లినాయ్ రాష్ట్ర పోలీసు శాఖకు చెందిన చార్లెస్ హాపర్ టెన్‌ కోడ్లకు రూపకల్పన చేశారు. పోలీసు సమాచార అధికారుల సంఘమైన ‘ఆప్కో’ 1940లో ఈ పట్టికను ప్రచురించింది. ఇందులో 10-4 అంటే సందేశం అందింది. 10-9 అంటే మళ్లీ చెప్పండి. 10-20 అంటే ఉన్న చోటు.

ప్రతి సంకేతానికీ ముందు ‘టెన్‌’ ఎందుకు చేరిందన్నది గమనించదగిన అంశం. నాటి రేడియోలో మాట్లాడేందుకు బటన్ నొక్కిన వెంటనే ట్రాన్స్‌మిటర్‌కు పూర్తి శక్తి అందేది కాదు. విద్యుత్తునందించే డైనమోటర్ వేగం పుంజుకోవడానికి కొంత వ్యవధి పట్టేది. ఆ లోపల పలికిన తొలి అక్షరం వినిపించకుండా పోయేది. ‘టెన్‌’ పోయినా అసలు సంఖ్య నిలుస్తుంది. పద్యంలో పాదపూరణానికి వాడే అవ్యయానికి అర్థం లేకున్నా ప్రయోజనం ఉన్నట్లే ఇక్కడ ‘టెన్‌’కు కూడా ప్రయోజనమే ఉంది. ఈ సంకేతాలు రహస్యం కోసం పుట్టాయన్న అభిప్రాయం సరికాదు. అచ్చయి వెలువడిన పట్టికలో రహస్యమేమీ ఉండదు. క్లుప్తత, స్పష్టత వీటి లక్ష్యాలు.

అర్థభేదం

ఆయా పోలీసు శాఖలు తమ అవసరాలను బట్టి పట్టికను మార్చుకోవడంతో మాండలిక భేదం వంటిది ఏర్పడింది. ఆప్కో పట్టికలో 10-13 వాతావరణాన్ని, రోడ్ల పరిస్థితిని తెలపమని అడిగే సంకేతం. న్యూయార్క్ నగర పోలీసులకు అదే సంకేతం తోటి అధికారి ఆపదలో ఉన్నాడని, వెంటనే సహాయం కావాలని చెబుతుంది. ఒకరి ఆర్తనాదం మరొకరి చెవికి వాతావరణ ప్రశ్నగా వినిపించగల స్థితి ఇది.

ఇటువంటి సందిగ్ధత తెలుగు పరిశోధకులకు కొత్త కాదు. శాసనాలలోను, గ్రంథాంత పద్యాలలోను కనిపించే భూతసంఖ్యా పద్ధతిలో పదం సంఖ్యను సూచిస్తుంది. అక్కడ ‘రసం’ సాధారణంగా ఆరు, కొన్ని చోట్ల తొమ్మిది. ‘సముద్రం’ నాలుగు కావచ్చు, ఏడు కావచ్చు. ఏ సంప్రదాయాన్ని అనుసరించారో తెలియకపోతే కాలనిర్ణయం తప్పుతుంది. రేడియో సంకేతంలో తప్పితే ప్రాణమే పోవచ్చు.

లోకవ్యవహారం

1955-59 మధ్య ప్రసారమైన ‘హైవే పెట్రోల్’ టెలివిజన్ ధారావాహికలో బ్రోడరిక్ క్రాఫర్డ్ నోట 10-4 ఇంటింటికీ చేరింది. 1970లలో లారీ డ్రైవర్లు సీబీ రేడియోలలో వాడడంతో అది ‘సరే’ అన్న మాటకు పర్యాయమైంది. 10-20లోని ‘టెన్‌’ లోపించి, మిగిలిన ‘ట్వంటీ’ ఉన్న చోటును తెలిపే నామవాచకమైంది. తెలుగులో మోసగాణ్ణి ‘ఫోర్ ట్వంటీ’ అనడం ఇటువంటి పరిణామమే. 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చి, మోసానికి సంబంధించిన సెక్షన్ సంఖ్య 318గా మారింది. అయినా వ్యవహారంలో పాత సంఖ్యే నిలిచి ఉంది.

సాధారణ భాషకు మరలిక

పెద్ద విపత్తులలో వేర్వేరు శాఖలు కలిసి పనిచేయవలసి వస్తుంది. అమెరికా సమాఖ్య ప్రభుత్వం 2006 ఆర్థిక సంవత్సరం నుంచి, అటువంటి సందర్భాలలో సాధారణ భాష వాడడాన్ని సంసిద్ధతా నిధులకు షరతుగా పెట్టింది. ఒక శాఖ లోపలి దైనందిన వ్యవహారంలో మాత్రం కోడ్లను నిషేధించలేదు. ఏ పరిధిలో అర్థం చెడదో ఆ పరిధిలోనే వాటిని ఉండనిచ్చింది.

ఉపసంహారం

ఆలంకారికులు వాచ్యార్థాన్ని సంకేతితార్థమన్నారు. ఆ సంకేతం ఒక సమూహం చేసుకున్న ఒప్పందంపై ఆధారపడుతుందని టెన్‌ కోడ్ల చరిత్ర నిరూపిస్తున్నది. సమూహం మారితే పదానికి కలిగే గతే సంఖ్యకూ కలుగుతుంది. కాబట్టి ఏ సంకేతావళికైనా నిఘంటువు కూర్చేవారు అర్థంతో పాటు అది ఏ సమూహంలో, ఏ కాలంలో చెల్లుబాటైందో కూడా నమోదు చేయడం అవసరం.