గళ్ళ మీద క్వార్కులు: ఒక గేజి సిద్ధాంతం కథ

విద్యార్థులారా! ఈ పాఠం ఒక రైల్వే ఊళ్ళో మొదలుపెడదాం. పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ పట్టణంలో ఖరిదా అనే పేట ఉంది. 1902లో ఈస్ట్ కోస్ట్ రైల్వే ఉత్తర భాగం బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం వైపు పల్లెలకూ ఖరగ్‌పూర్‌కూ మధ్య ఒకే కంపెనీ బండ్లు నడిచాయి. వర్క్‌షాపులో, యార్డులో పనికోసం ఆ దారినే తెలుగు కుటుంబాలు వెళ్ళి స్థిరపడ్డాయి. అటువంటి ఇళ్ళలో 'గేజి' అన్న మాటకు అర్థం చెప్పనక్కరలేదు. రెండు పట్టాల మధ్య దూరం గేజి. బ్రాడ్ గేజి 1676 మిల్లీమీటర్లు. శ్రీకాకుళం జిల్లా నౌపడలో దిగి గుణుపురం వెళ్ళేవాళ్ళు 2004 దాకా 762 మిల్లీమీటర్ల చిన్న బండి ఎక్కేవారు. గేజి మారినచోట మనిషి దిగాలి, మూట దించాలి, మళ్ళీ ఎక్కించాలి.

భౌతికశాస్త్రంలోనూ 'గేజి సిద్ధాంతం' అనే మాట మీరు విని ఉంటారు. అది వేరే మాటేమో అనుకోకండి. అదే మాట. గేజి అంటే కొలత. 1918లో హెర్మన్ వైల్ అనే జర్మన్ గణితవేత్త, పొడవుకు కొలబద్ద ప్రతిచోటా ఒకటే ఉండాలని ఎందుకు పట్టుబట్టాలి, ఒక్కోచోట ఒక్కో కొలబద్ద పెట్టుకోవచ్చు కదా, అని అడిగాడు. దాన్నుంచి విద్యుదయస్కాంతత్వాన్ని రాబట్టాలని చూశాడు. ఐన్‌స్టీన్ వెంటనే అడ్డుచెప్పాడు: అదే నిజమైతే వేర్వేరు దారుల్లో వచ్చిన రెండు హైడ్రోజన్ పరమాణువులు ఒకే రంగు కాంతినివ్వవు కదా? వైల్ ఆలోచన అక్కడికి ఓడిపోయింది. కాని 1929లో క్వాంటం సిద్ధాంతం వెలుగులో, పొడవుకు బదులు తరంగపు దశకు వర్తింపజేసి, అదే ఆలోచనను ఆయనే బతికించాడు. పేరు మాత్రం పాతదే మిగిలింది.

ఈ ఆలోచన ఏమిటో ఒక ఉదాహరణతో చూద్దాం. చదరపు గడికి నాలుగు మూలల్లో నాలుగు స్టేషన్లు ఉన్నాయనుకోండి. ప్రతి ఊరికీ తన సొంత కుంచం. ఒక ఊరి కుంచం పక్క ఊళ్ళో ఎంతకు సమానమో ఆ రెంటిని కలిపే లైను మీద రాసి ఉంటుంది. ఒక ఊరివాళ్ళు రేపటినుంచి పెద్ద కుంచం వాడదామనుకున్నారు. ఆ ఊరికి వచ్చే లైన్ల మీద రేట్లు మారతాయి. ధాన్యం మాత్రం ఒక గింజ పెరగదు, తరగదు. అయితే వంద కుంచాల లెక్కతో బయలుదేరి, నాలుగు లైన్లూ తిరిగి మొదటి స్టేషన్‌కు వచ్చేసరికి లెక్క నూట అయిదు చూపిస్తే? ఆ అయిదును ఎవరు ఏ కుంచం మార్చినా దాచలేరు. ఊళ్ళ ఇష్టానికి అందని ఆ తేడాయే నిజమైనది. భౌతికశాస్త్రంలో దాన్నే క్షేత్రం అంటారు. క్వార్కుల విషయంలో లైను మీద ఉండేది ఒక్క సంఖ్య కాదు, మూడు అడ్డువరుసలూ మూడు నిలువువరుసలూ ఉన్న మాత్రిక. అది కొలతను పెంచదు, తగ్గించదు; 'రంగులు' అని పిలిచే మూడు దిశలను తిప్పుతుంది. లెక్క తీరు మాత్రం ఇదే.

ఇక క్వార్కుల సంగతి. 1964లో మర్రే గెల్‌మన్, జార్జ్ జ్వైగ్ వేర్వేరుగా ప్రోటాన్, న్యూట్రాన్లు ఇంకా చిన్న ముక్కలతో తయారైనవన్నారు. 1960ల చివర అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ త్వరణయంత్రంలో ఎలక్ట్రాన్లతో ప్రోటాన్‌ను కొట్టి చూస్తే లోపల గట్టి బిందువులు ఉన్నట్టే తేలింది. కాని ఒక్క క్వార్కును కూడా ఎవరూ బయటికి లాగలేకపోయారు. 1973లో గ్రాస్, విల్చెక్, పొలిట్జర్ ఒక చిత్రమైన సంగతి కనుగొన్నారు. క్వార్కులు దగ్గరగా ఉన్నప్పుడు వాటి మధ్య బలం బలహీనమవుతుంది. దూరమైనకొద్దీ బలపడుతుంది. దగ్గరి లెక్క కాగితం మీద చెయ్యవచ్చు. క్వార్కులు ఎందుకు బయటికి రావో చెప్పవలసిన దూరపు లెక్కకు మాత్రం పాత పద్ధతులేవీ పనికిరాలేదు.

అక్కడ కెన్నెత్ విల్సన్ వచ్చాడు. అప్పటికి ఆయన అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో, నీరు ఆవిరయ్యేటప్పుడు, అయస్కాంతం తన గుణం కోల్పోయేటప్పుడు జరిగే మార్పుల మీద పనిచేస్తున్నాడు. ఆ పనికే 1982లో నోబెల్ బహుమతి వచ్చింది. ఘనపదార్థాలలో పరమాణువులు గళ్ళలో, అంటే జాలకంలో, అమరి ఉంటాయి. స్థలకాలాలనే అలా గళ్ళుగా కోస్తే ఎలా ఉంటుందని విల్సన్ అడిగాడు. స్టేషన్ల మీద క్వార్కులు, లైన్ల మీద వాటిని కలిపి ఉంచే గ్లూవాన్లు. గడికీ గడికీ మధ్య దూరం ప్రోటాన్ వెడల్పులో పదిహేనో వంతో, ఇంకా తక్కువో. ఇలాంటి అమరికను ఒక సరళమైన సందర్భంలో 1971లోనే ఫ్రాంజ్ వెగ్నర్ రాశాడు. రష్యాలో పొల్యకోవ్ కూడా ఇదే దారిలో ఉన్నాడు. అయినా 1974లో వచ్చిన విల్సన్ వ్యాసమే ఈ శాస్త్రానికి పుట్టినరోజు అయింది.

అందులో ఆయన ఒక పెద్ద చుట్టు గీసి, దాని చుట్టూ రేట్లను గుణించి, సగటు ఎంత వస్తుందో చూశాడు. చుట్టు పెద్దదయ్యేకొద్దీ సగటు తగ్గుతుంది. ఆ తగ్గుదల చుట్టుకొలతను బట్టి ఉంటే క్వార్కులు విడిపోగలవు. చుట్టు లోపలి వైశాల్యాన్ని బట్టి ఉంటే, క్వార్కులను ఎంత దూరం లాగినా వెనక్కి లాగే బలం తగ్గదు. పెద్ద గళ్ళ మీద, అంటే బలం గట్టిగా ఉన్నచోట, వైశాల్యమే వచ్చింది. ఆ లాగే బలం దాదాపు 15 టన్నుల బరువు. ప్రయాణికుల పెట్టె ఒక ఇరుసు మీద పడే బరువు కూడా దాదాపు అంతే. ఇక్కడ మాత్రం ఆ బలం ప్రోటాన్‌లోని రెండు బిందువుల మధ్య ఉంది. తాడు సాగీ సాగీ తెగినప్పుడు ఆ శక్తితో కొత్త క్వార్కు, ప్రతిక్వార్కు పుట్టి తెగిన కొనలకు అతుక్కుంటాయి. ఒంటరి క్వార్కు అప్పుడూ దొరకదు.

సమస్య తీరిపోయిందా? లేదు. నా దృష్టిలో ఈ కథలో అసలు ఘట్టం ఇదే. విల్సన్ లెక్కను మామూలు విద్యుత్తుకు వర్తింపజేసినా పెద్ద గళ్ళ మీద అదే ఫలితం వస్తుంది: ఎలక్ట్రాన్లు కూడా బందీలే! మన ఇంటి తీగలో కరెంటు పారుతోంది కనుక అది తప్పని తెలుసు. అంటే పెద్ద గళ్ళు అబద్ధం చెప్పగలవు. గళ్ళను చిన్నవి చేస్తూ పోవాలి. దారిలో ఎక్కడో మంచు కరిగి నీరయినట్టు ఆ బంధనం కరిగిపోతే, అది గళ్ళ మాయే తప్ప ప్రకృతి కాదు. విద్యుత్తుకు కరగాలి. క్వార్కులకు కరగకూడదు. ఇది తేల్చేదెలా?

అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో మైకేల్ క్రూట్జ్ కంప్యూటర్‌ను ఆశ్రయించాడు. నాలుగు దిశల్లోనూ పదేసి స్టేషన్లు పెడితే 10,000 స్టేషన్లు, 40,000 లైన్లు. ఒక్కో లైనుకు రెండే రేట్లు ఉన్న అతి సులువైన నమూనా తీసుకున్నా, మొత్తం అమరికల సంఖ్య రాయాలంటే 12,042 అంకెలు కావాలి. అన్నిటినీ కూడి సగటు తియ్యడం ఎన్నటికీ అయ్యే పని కాదు. కాని అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలు కదా! పాచికలు వేసినట్టు అమరికలను మారుస్తూ, ఎక్కువ సంభవమైనవాటిని ఎక్కువసార్లు తాకుతూ పోయే ఈ పద్ధతి పేరు మాంటీ కార్లో. గిన్నె బాగా కలపకపోతే మెతుకు మోసం చేస్తుంది. ఈ శాస్త్రంలో సగం జాగ్రత్తలు ఆ కలపడం గురించే. 1979లో క్రూట్జ్, జాకబ్స్, రెబ్బీ కలిసి చేసిన లెక్కలో విద్యుత్తుకు బంధనం కరిగే చోటు కనిపించింది. 1980లో క్రూట్జ్, రెండు రంగుల సరళ నమూనాలో, పెద్ద గళ్ళనుంచి చిన్న గళ్ళకు వెళ్ళే దారిలో అలాంటి కరుగుదల ఏదీ లేదని చూపించాడు. గణిత నిరూపణ కాదు గాని, దాంతో చాలామందికి నమ్మకం కుదిరింది.

తర్వాతి పాతికేళ్ళు శ్రమ చరిత్ర. క్వార్కులను గళ్ళ మీద పెట్టగానే ఒక్కటికి పదహారు ప్రత్యక్షమయ్యాయి. ఆ చిక్కును పూర్తిగా తప్పించుకోవడానికి తేలిక దారి లేదని 1981లో నీల్సన్, నినోమియా నిరూపించారు. 1990లలో డేవిడ్ కప్లాన్, రాజమణి నారాయణన్, హెర్బర్ట్ న్యూబర్గర్ తెలివైన పక్కదారులు వేశారు. ఇంకొక చిక్కు ఖర్చు. శూన్యంలో క్షణక్షణం పుట్టి మాయమయ్యే క్వార్కులను లెక్కలోకి తీసుకుంటే పని ఎన్నోరెట్లు పెరుగుతుంది. అందుకని చాలాకాలం వాటిని వదిలేశారు. ఆ వదిలేసిన దానికి మూల్యం ఎంతో జపాన్‌లోని సుకుబాలో ప్రత్యేకంగా ఈ పనికే కట్టిన యంత్రం తేల్చింది: కణాల ద్రవ్యరాశులు కొన్నిచోట్ల పదిశాతం దాకా తప్పుతున్నాయి. తప్పు ఎంతో కొలిచి చెప్పడం కూడా ఫలితమే. 2008లో యూరప్ బృందం ఒకటి, ఏదీ వదలకుండా లెక్కవేసి, ప్రోటాన్ వంటి కణాల ద్రవ్యరాశులను కొద్దిశాతం తేడాలో రాబట్టింది.

ఈ లెక్క మన ఒంటికి సంబంధించినది. ప్రోటాన్‌లోని మూడు క్వార్కుల సొంత ద్రవ్యరాశులను కూడితే మొత్తంలో ఒక శాతమే. యాభై కిలోల విద్యార్థిలో అది అర కిలో! మిగిలిన నలభై తొమ్మిదిన్నర కిలోలూ గ్లూవాన్ల, క్వార్కుల కదలిక శక్తే.

మన దేశంలో ఈ పని ముంబయిలోని టాటా సంస్థలో, చెన్నైలోని గణితశాస్త్ర సంస్థలో, కోల్‌కతాలోని సాహా సంస్థలో సాగింది. చెన్నైలో ఎన్.డి. హరిదాస్ బృందం 2004 ప్రాంతంలో 'కబ్రు' అనే కంప్యూటర్ సముదాయాన్ని నిర్మించింది. అది హిమాలయాల్లోని ఒక శిఖరం పేరు. దాని మీద హరిదాస్, పుషన్ మజుందార్ మనం పైన చెప్పుకున్న ఆ తాడును పరిశీలించి, అది తీగలా కంపిస్తుందని చూపించారు. ముంబయిలో రాజీవ్ గవాయ్, సౌరేందు గుప్తా మరో ప్రశ్న పట్టుకున్నారు: బాగా వేడిచేస్తే క్వార్కుల బంధనం సడలుతుంది, ఎక్కడ? నేటి లెక్కల ప్రకారం సుమారు 1.8 లక్షల కోట్ల డిగ్రీల దగ్గర. విశ్వం పుట్టిన తొలి మైక్రోసెకన్లలో ఉన్న వేడి అది.

ఇటీవలి సంగతి ఒకటి చెప్పాలి. మ్యువాన్ అనే కణపు అయస్కాంత గుణం, సిద్ధాంతం చెప్పినదానికన్నా కొంచెం ఎక్కువగా ఉందని, కొత్త కణాలేవో ఉన్నాయని చాలామంది ఆశపడ్డారు. 2021 ఏప్రిల్ 7న అమెరికాలోని ఫెర్మీ ప్రయోగశాల కొత్త కొలత ప్రకటించిన రోజునే, 2008 లెక్క చేసిన బృందమే జాలకం మీద వేసిన ఫలితం వెలువడింది. దాని ప్రకారం తేడా చాలావరకు లేదు. ఇతర బృందాలు వేర్వేరుగా సరిచూశాయి. 2025లో సిద్ధాంతకారులు ఉమ్మడిగా ఇచ్చిన విలువ జాలకపు లెక్కల మీదే ఆధారపడింది. కొలతకూ దానికీ పేచీ మిగల్లేదు. కొత్త కణాల మీద ఆశపెట్టుకున్నవారికి నిరాశే!

ఇప్పుడు ఖరగ్‌పూర్‌కు తిరిగి వద్దాం. స్వాతంత్ర్య యోధులను నిర్బంధించిన హిజ్లీ జైలు భవనంలో 1951లో దేశపు తొలి ఐఐటీ మొదలైంది. 2022లో అక్కడ 'పరమ్ శక్తి' అనే కంప్యూటర్‌ను ప్రారంభించారు. అన్నిరకాల శాస్త్ర గణనలకూ ఉద్దేశించిన ఆ యంత్రం సామర్థ్యం 1.66 పెటాఫ్లాప్‌లు, అంటే సెకనుకు 1,660 లక్షల కోట్ల లెక్కలు. క్రూట్జ్ తన కాలంలో ఊహించలేని వేగం ఇది.

వేగంతో అన్నీ తీరవు. న్యూట్రాన్ నక్షత్రపు గర్భంలో లాగా క్వార్కులు కిక్కిరిసి ఉన్నచోట, మాంటీ కార్లోకు కావలసిన సంభావ్యతలు ధనాత్మకంగా ఉండవు. రుణ సంభావ్యతతో పాచిక వెయ్యడం ఎలా? యంత్రం ఎంత పెద్దదైనా దీనికి జవాబు రాదు, ఉపాయం కావాలి. ఇక గళ్ళు పూర్తిగా సున్నాకు చేరినప్పుడు కూడా ఈ సిద్ధాంతం నిలుస్తుందని, గ్లూవాన్ల లోకంలో అతి తేలిక కణానికీ సున్నా కాని ద్రవ్యరాశి ఉంటుందని గణితపరంగా నిరూపించినవారికి అమెరికాలోని క్లే సంస్థ 2000లో పది లక్షల డాలర్ల బహుమతి ప్రకటించింది. ఆ సొమ్ము ఇంకా ఎవరూ తీసుకోలేదు.